పరగడుపున వేసుకున్న మాత్ర

గూడూరులోని ఓ ఆసుపత్రి ల్యాబులో మగ్దలీనమ్మది ఇరవై రెండేళ్ల సర్వీసు. మలపరీక్ష డబ్బా కనబడితే ముక్కు మూసుకునేవాళ్లే అందరూ. ఆమె మాత్రం స్లైడుకు రంగు వేసి, మైక్రోస్కోపు ముందు కూర్చుంటే గంటైనా లేవదు. ఆ ఓపిక చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

నాయుడుపేట దగ్గర వరి పండించే చెంచయ్యకు నిరుడు భార్య వెంకటశేషమ్మ కిడ్నీ ఇచ్చింది. ఆ పరాయి కిడ్నీని ఒళ్లు తరిమెయ్యకుండా అతను రోజూ వేసుకునే మాత్రలు రోగనిరోధక శక్తిని అణచిపెడతాయి. అదే అదునుగా క్రిప్టో అనే పరాన్నజీవి పేగుల్లో చేరింది. నెల రోజులుగా విరేచనాలు. పది రోజులు మందు వాడినా స్లైడు నిండా ఆ క్రిమి తాలూకు ఎర్రటి చుక్కలే.

"మందుకు లొంగని రకమేమో," అన్నాడు డాక్టర్ హరినాథ్. క్రిప్టో మహా జిత్తులమారిది. పేగుల్లోనే జతకట్టి, జన్యువులు కలుపుకుని, తరతరానికీ వేషం మార్చగలదు. నమూనాను జన్యుపరీక్షకు చెన్నై పంపారు. ఈలోగా కిడ్నీ మాత్రలు బాగా తగ్గించాలనుకున్నారు. తగ్గిస్తే ఒళ్లు క్రిప్టోతో పోరాడుతుంది, కానీ కిడ్నీని కూడా తోసెయ్యొచ్చు.

"నేనిచ్చింది పోతాదా అక్కా?" అని వెంకటశేషమ్మ ల్యాబు గుమ్మంలో ఏడ్చింది.

మగ్దలీనమ్మకు మనసు ఆగలేదు. నేరుగా చెంచయ్య ఉన్న వార్డుకు వెళ్లింది.

"కొత్త మాత్ర ఎట్ట వేసుకుంటా ఉండావన్నా?"

"పరగడుపునే మేడం. కిడ్నీ మాత్ర పరగడుపున వేసుకోమని చెప్పినారు గదా, దాంతోపాటే ఇదీ మింగతా ఉండా. ఒక్క రోజూ తప్పలేదు," అన్నాడు చెంచయ్య.

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. క్రిప్టో మందు అన్నంతో వేసుకుంటేనే సరిగా ఒంటబడుతుంది. ఇంత బుద్ధిగా మాట విన్న మనిషిని ఎవరు కోప్పడగలరు? సంగతి విన్న హరినాథ్ తల పట్టుకుని, కిడ్నీ మాత్రలు తగ్గించడం పదిరోజులు వాయిదా వేశాడు.

చెంచయ్య అన్నం తిని మాత్ర వేసుకోసాగాడు. మగ్దలీనమ్మ రోజూ స్లైడు చూసింది. చుక్కలు పలచబడ్డాయి. తొమ్మిదో రోజు ఒక్కటీ లేదు. నమ్మకం చాలక ఇంకో మూడు స్లైడ్లు చూసి, అప్పుడు "కనబడలేదు" అని రాసింది. తర్వాత వచ్చిన చెన్నై రిపోర్టులోనూ అది మామూలు రకమేనని తేలింది.

కిడ్నీ రక్తపరీక్ష కాగితం తనే వార్డుకు తీసుకెళ్లింది. "బాగుందమ్మా," అంది.

వెంకటశేషమ్మ మంచం దగ్గరికి జరిగింది. భర్త పొత్తికడుపు మీది కుట్టును అరచేత్తో నిమిరి, "ఈడనే ఉండాది," అని ఏడ్చేసింది.