టకటక చెవిలో బీటు

నాకు ముక్కు మీద కోపం. రేడియో స్టేషన్లో మిక్సర్ ముందు కూర్చుని, వాగుడుకాయల గొంతులు పెంచుతూ తగ్గిస్తూ బతికితే ఎవరికైనా అంతే. పొద్దుటి షోకి ర్యాప్ పాడేవాణ్ణి తెస్తున్నారని తెలిసి, ఇంకొకడు తగలబడ్డాడు అనుకున్నాను.

వాడికి జనం పెట్టిన పేరు టకటక. పాత గోదాముల్లో జరిగే ర్యాప్ పోటీల్లో వాడి నోటికి ఎదురు లేదట. అలాంటివాడు మొదటిరోజు నా ముందుకొచ్చి, "అ... అ... అక్కా, న... నమస్తే" అనేసరికి నోరు వెళ్లబెట్టాను.

నత్తి. పుట్టుకతో వచ్చింది పుడకలతో గాని పోదంటారు. కానీ పాట దరువు, అదే బీటు, వినబడుతున్నంతసేపూ వాడికి నత్తి రాదు.

"హె... హెడ్‌ఫోన్స్‌లో సన్నగా బీటు పెట్టక్కా. నాకొక్కడికే వి... వినపడాలి. మేనేజర్ గారికి తెలిస్తే ఇం... ఇంటికి పంపేస్తారు" అన్నాడు.

పెట్టాను. మైకు లైటు వెలిగింది. ఇక చూడాలి వాణ్ణి. ట్రాఫిక్కు, వాతావరణం, పెద్దవాళ్లతో ముచ్చట్లు, ఎక్కడా తడబాటు లేదు. ఏడాది తిరిగేసరికి ఊరంతా వాడి గొంతుతోనే నిద్ర లేచేది. టీవీవాళ్లు పిలిచారు. బస్సుల వెనక బొమ్మలు వేశారు. బల్ల కింద తొడ మీద దరువేసుకుంటూ పైన మేనేజర్‌తో కూడా నవ్వుతూ మాట్లాడే వాణ్ణి చూస్తుంటే, ఇదెలా సాధ్యమని నాకు రోజూ అబ్బురమే.

ఒక పొద్దున లైవ్‌లో ఒకాయన ఫోన్ చేశాడు. "మా... మా... మా..." అని ఆగిపోయాడు.

"చెప్పండి సార్, వింటున్నాం" అన్నాడు టకటక గడగడా.

ఆయన మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆగి, "వ... వద్దులెండి" అన్నాడు. కాల్ కట్ చెయ్యమని అద్దం అవతల నుంచి మేనేజర్ సైగ చేశాడు. నా వేలు మీట మీదికి వెళ్లింది.

టకటక నాకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. తన చెవి చూపించి, చెయ్యి కిందికి దించాడు. బీటు ఆపెయ్యమని. పిచ్చి సన్నాసీ, ఉద్యోగం ఊడుతుందిరా అని లోపల తిట్టుకుంటూనే ఆపేశాను.

"ఫో... ఫోన్ పెట్టెయ్యకండి సార్" అన్నాడు. "నా... నాకూ ఇంతే. తొ... తొందరేం లేదు. మీరు చె... చెప్పండి."

ఊరంతా వింది. లైన్లో ఆయన ఒక్కో ముక్కా కూడదీసుకున్నాడు. "మా... మా ఆవిడ పు... పుట్టినరోజు. నా నో... నోటితో చెప్పాలని." చెప్పాడు కూడా, మొత్తం. నేను ఏడ్చాను, దాచడమెందుకు. పోటీల్లో వీడు ఎందరి నోళ్లు మూయించాడో నేను చూడలేదు. ఇది చూశాను.

పాట వేశాను. మేనేజర్ గబగబా లోపలికొచ్చాడు. ఏమనేవాడో గానీ, ఈలోగా ఫోన్ మోగింది. టకటక వాళ్లమ్మ. ఆవిడ స్టేషన్‌కి చెయ్యడం అదే మొదలు. స్పీకర్‌లో పెట్టాను.

"ఇన్నాళ్లూ రేడియో పెడితే ఎవరో పరాయివాడు మాట్లాడుతున్నట్టుండేది నాయనా" అంది. "ఇవాళ నా కొడుకు మాట్లాడాడు."

వాడు తల దించుకున్నాడు. మేనేజర్ ఓ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పాట అయిపోతోందమ్మా, మైకు వెయ్యండి" అన్నాడు నాతో.

బీటు మీట మీద చెయ్యి పెట్టి టకటకని చూశాను. వద్దన్నాడు. మైకు ఒక్కటే వేశాను.