కప్పు మీద అయిదో లైను

2024 ఫిబ్రవరి. రాజాంలో నాకొక చిన్న దుకాణం ఉంది, పేరు విజేత షీల్డ్స్. కప్పులు, షీల్డులు, మెమెంటోలు అమ్మడం, వాటి మీద పేర్లు చెక్కడం నా వృత్తి. బీయస్సీ ఫిజిక్స్ చదివి, ఇరవై రెండేళ్ళుగా ఇతరుల విజయాలను నమోదు చేస్తున్నాను. సొంతంగా గెలిచినవి ఏమీ లేవు గనక పని మీద దృష్టి చెదరదు.

ఈ పని తెలియనివారి కోసం రెండు మాటలు. రోలింగ్ ట్రోఫీ అంటే గెలిచినవాళ్ళు ఏడాది పాటు ఉంచుకుని తిరిగి ఇచ్చేయవలసిన కప్పు. పుచ్చుకున్నప్పుడు ఉన్నంత ఉత్సాహం తిరిగి ఇచ్చేటప్పుడు ఎవరిలోనూ చూడలేదు. కప్పు కింద ఉండే చెక్క దిమ్మను బేస్ అంటాం. ఏ ఏడు ఎవరు గెలిచారో చిన్న ఇత్తడి రేకు మీద చెక్కి ఆ బేస్‌కి బిగిస్తాం. దాన్ని ప్లేట్ అంటాం. నా ప్లేట్లన్నీ ఒకే కొలత. పైన సంవత్సరం, జట్టు పేరు పోగా కింద అయిదు లైన్లకు చోటుంటుంది. అక్షరం అంతకంటే చిన్నదైతే చదవడానికి భూతద్దం కావాలి, గెలిచినవాళ్ళకు అది నచ్చదు.

మా రెండు జిల్లాల్లో పెద్ద ఈస్పోర్ట్స్ టోర్నమెంట్, అంటే సెల్‌ఫోన్‌లో ఆడే ఆటల పోటీ, రాజాంలోనే ఒక కల్యాణ మండపంలో జరుగుతుంది. దాని ఛాంపియన్ల చరిత్ర మొత్తం నా బల్ల మీదే తయారైంది. 2019లో మొదటిసారి గెలిచిన జట్టు పేరు తూరుపు గాలి. మరుసటి ఏడు కరోనా, పోటీ లేదు. 2021లో పోటీ ఆగస్టుకి మారింది, పార్వతీపురం వాళ్ళు గెలిచారు. ఆ తరవాతి ఏడు పోటీ నాటికి ప్రభుత్వం ఆపేయడంతో అసలు ఆటే దేశంలో దొరకకుండా పోయింది. కల్యాణ మండపం ముందే మాట్లాడేసుకున్నారు గనక నిర్వాహకులు ఇంకో ఆట పెట్టి చీపురుపల్లి జట్టుకు కప్పిచ్చారు. 2023లో మళ్ళీ పాత ఆట, టెక్కలి జట్టు. నాలుగు పోటీలు, నాలుగు ప్లేట్లు. ఆట సంగతి నాకు తెలిసింది కొంచెమే. నలుగురు జట్టుగా విమానం నుంచి దూకాలి, చివరిదాకా చావకుండా ఉండాలి. కొన్ని ఉద్యోగాలు కూడా అలాగే ఉంటాయని విన్నాను.

ఒక గురువారం ఉదయం షట్టర్ ఎత్తేసరికి ఒకమ్మాయి మెట్టు మీద కూర్చుని ఉంది. ఇరవై మూడేళ్ళుంటాయి. పేరు నూకరత్నం, ఊరు కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. మొదటి బస్సుకి బయలుదేరిందట.

“కప్పుల మీద పేర్లు సెక్కేది మీరేనా మావయ్యా?” అంది.

నేనే అన్నాను.

“రెండు వేల పంతొమ్మిది ఛాంపియన్ని నేను. నిన్న కప్పు సూసొచ్చాను. నాలుగు పేర్లున్నాయి. అయిదో లైన్లో మీ షాపు పేరున్నాది.”

కోపంగా అనలేదు. గంపలో ఏ చేపలు ఉన్నాయో చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను ఆమెకి కుర్చీ వేశాను.

తూరుపు గాలి జట్టులో వాళ్ళు అయిదుగురట. నలుగురు ఆడేవాళ్ళు, ఒక ఎక్స్‌ట్రా. ఆటలోనే పరిచయమై, పోటీ మొదటి రోజు మండపం గుమ్మం దగ్గర మొదటిసారి మొహాలు చూసుకున్నారు. కెప్టెన్ గరివిడి కుర్రాడు సింహాచలం, ఆటలో అతని పేరు కింగ్. ఈమె పేరు తుపాను. ఫైనల్లో నాలుగు రౌండ్లు. మొదటి రౌండు కాగానే మే నెల ఎండకి కింగ్ గారి ఫోన్ బ్యాటరీ ఉబ్బి, ఫోను ఆగిపోయింది. రూలు ప్రకారం మధ్యలో ఫోను మార్చకూడదు, మనిషిని మార్చొచ్చు. ఎక్స్‌ట్రాగా కూర్చున్న నూకరత్నం తన ఫోన్‌తో దిగి మిగిలిన మూడు రౌండ్లూ ఆడింది. గెలిచారు. ఊరికి ఆఖరి బస్సు పోతుందని బహుమతులు ఇవ్వకముందే బయలుదేరింది. అందుకని ఫొటోలో లేదు. ఆట వీడియో నెట్‌లో పెట్టారు గాని, వెనకాల సినిమా పాట వేసినందుకు వారం తిరక్కుండా తీసేశారు. సర్టిఫికెట్లు కూడా నా దగ్గరే అచ్చయ్యాయి, ప్లేట్ మీద ఉన్న పేర్లు చూసి. అంటే నాలుగు.

ఇప్పుడెందుకు వచ్చిందంటే, విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు గేమింగ్ కోచ్ కావాలని ప్రకటించారు. మాజీ ఛాంపియన్ అయి ఉండాలి, టోర్నమెంట్ కమిటీ ఉత్తరం తేవాలి. ఇంటర్వ్యూ సోమవారం. కమిటీ ప్రెసిడెంట్‌ని అడిగితే ఆయన, రిపబ్లిక్ డేకి టెక్కలి వాళ్ళ దగ్గర్నుంచి తెప్పించిన కప్పు చూపించి, దీని మీద లేదు కదమ్మా అన్నారట. రిజిస్టర్ చూడమంటే, కప్పే రిజిస్టర్ అన్నారట.

“డిగ్రీ అయ్యాక రొయ్యల కంపినీలో సేత్తన్నాను మావయ్యా. పొద్దల్లా నిలబడి వలవాలి, సేతులు ఐసులోనే ఉంటాయి. ఆ ఫోను కూడెడతాదేటే అని మా యమ్మ అయిదేళ్ళ నుంచి అంతాది. ఇన్నాళ్ళకి పెట్టే దారొకటి అవుపించింది.”

నా దగ్గర ఒక అలవాటుంది. ఎవరు ఏ పేర్లు రాసిచ్చినా ఆ కాగితం పారేయను, గోడనున్న తీగకి గుచ్చుతాను. రేపు అక్షరం తప్పిందని ఎవరైనా పోట్లాటకి వస్తే చూపించడానికి. 2019 తీగ దింపి వెతికాను. కాగితం దొరికింది. కమిటీ వాళ్ళ చేతిరాతలో అయిదు పేర్లు, అయిదోది నూకరత్నం, పక్కన ‘ఎక్స్‌ట్రా’ అని ఉంది. ఆ పేరు మీద అడ్డంగా ఒక గీత. ఆ గీత నాది. క్రికెట్‌లో పన్నెండోవాడి పేరు ఎవరు చెక్కుతారని నాకు నేనే తీర్పు చెప్పుకుని, మిగిలిన లైను వృథా పోకుండా షాపు పేరు వేసుకున్నాను. మంచి ప్రచారం అనుకున్నాను. నిజమే, అయిదేళ్ళలో ఆ లైను చదివి నన్ను వెతుక్కుంటూ వచ్చిన మొదటి మనిషి నూకరత్నమే.

కాగితం ఆమెకి చూపించాను. గీత కొట్టింది నేనేనని కూడా చెప్పాను. ఆమె చూసి, “కొట్టేముందు మీరు అడగొచ్చు కదా” అంది. అంతే. 

ప్రెసిడెంట్ అప్పలనాయుడు గారికి ఎరువుల దుకాణం ఉంది. అక్కడికే ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన మంచివాడే, కాకపోతే కాగితం మనిషి. “ఎక్స్‌ట్రా అని ఉంటే ఆడినట్టు కాదు కదా మాస్టారూ. ఆవిడ ఆడిందని ఆ కెప్టెన్ సంతకం పెట్టి ఇస్తే రాసిస్తాను” అన్నారు. న్యాయంగానే ఉంది. చిక్కేమిటంటే, ఆ కెప్టెన్ ఈమె ఫోన్ ఎత్తడం లేదు.

శుక్రవారం దుకాణం మూసి, ఇద్దరం బస్సులో గరివిడి వెళ్ళాం. సింహాచలం దుకాణం వెతకక్కర్లేకపోయింది. ‘ఛాంపియన్ మొబైల్స్’ అని బోర్డు, దాని మీద కప్పు పట్టుకున్న అతని బొమ్మ, కింద ‘2019 ఫైనల్ విజేత’. ఫైనల్ అన్న మాట ఎర్రరంగులో ఉంది. అతను ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో బోర్డు చదివాక అర్థమైంది.

లోపల సింహాచలం ఎవరిదో ఫోన్ విప్పి డిస్‌ప్లే మారుస్తున్నాడు. పక్కన స్టూలు మీద తెల్ల పంచెతో ఒక పెద్దాయన కూర్చుని పేపరు చదువుతున్నాడు. నూకరత్నాన్ని చూడగానే సింహాచలం చేతిలో స్క్రూ డ్రైవర్ ఆగింది.

“ఒరే కింగూ, బాగున్నావా?” అందామె. వాళ్ళు ఆటలో మాట్లాడుకునే తీరు అదేనట.

“నువ్వేటే తుపానూ ఇలాగొచ్చావు?” అన్నాడు మెల్లిగా. కళ్ళతో పెద్దాయన్ని చూపించాడు. ఆయన మావగారు. పెళ్ళయి నాలుగు నెలలైంది.

నేను విషయం చెప్పడం మొదలుపెట్టాను. సింహాచలం నన్ను ఆపి, బయటికెళ్ళి టీ తాగుతూ మాట్లాడుకుందాం అన్నాడు. నూకరత్నం కదల్లేదు. టీ తాగడానికి రాలేదని, సోమవారం ఇంటర్వ్యూ ఉందని, నిజం ఒక్క ముక్క రాసిస్తే వెళ్ళిపోతానని చెప్పింది. గొంతు పెంచలేదు గాని, ఆ గది చిన్నది. మావగారు పేపరు మడిచారు.

“ఏటల్లుడూ, ఎవరీ పిల్ల?”

సింహాచలం తల వంచుకున్నాడు. విప్పిన ఫోన్‌లోని చిన్న స్క్రూల్ని ఒక్కొక్కటే డబ్బీలో వేశాడు. అన్నీ వేశాక, ఇక వేయడానికి ఏమీ లేక, తలెత్తాడు.

“ఫైనలు ఆడింది ఈవిడే మావా. నేనొక్క రౌండే ఆడాను. నా ఫోను సెడిపోయింది. తరవాతంతా ఈవిడే.”

మావగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు.

“ఏ ఫైనలు?”

“అదే మావా, బోర్డు మీదున్నాది కదా. కప్పు.”

“ఓ, అదా. పెళ్ళిసూపులప్పుడు మీ నాన్న కూడా ఏదో సెప్పేడు. నేను పిల్లనిచ్చింది షాపు సూసి. కప్పేటో నాకు తెల్దు” అని ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నారు.

అయిదేళ్ళుగా దాచుకున్న రహస్యం అంత తేలిగ్గా పోవడం సింహాచలానికి కాస్త అవమానంగా కూడా అనిపించినట్టుంది. తెల్ల కాగితం తీసుకున్నాడు. మొదటి రౌండు తాను, మిగతా మూడూ నూకరత్నం ఆడినట్టు రాసి సంతకం పెట్టాడు. కింద ఇంకో వాక్యం చేర్చాడు: ఆ మూడు రౌండ్లలోనూ తాను వెనక నిలబడి సలహాలిచ్చానని.

నూకరత్నం చదివింది. “నువ్వు సెప్పిన వైపు ఒక్కసారీ ఎల్లలేదురా” అంది.

“సెప్పడం అయితే సెప్పాను కదే.”

“సరే, ఉంచీ.”

వచ్చేటప్పుడు అతను రోడ్డు దాకా వచ్చి, ప్లేట్ మార్చేటప్పుడు తన పేరు తీసేస్తారా అని నన్ను పక్కకి పిలిచి అడిగాడు. నేను జవాబిచ్చేలోపు నూకరత్నమే అంది: “నువ్వు లేకపోతే ఫైనల్ దాకా ఎవులు తెచ్చేవోరు? కెప్టెన్ పేరు పైనే ఉంటాది.” అతను తలూపి లోపలికి వెళ్ళిపోయాడు.

శనివారం అప్పలనాయుడు గారి ఎరువుల బస్తాల మధ్య కూర్చుని, నేను కూడా ఒక కాగితం రాసిచ్చాను. కమిటీ అయిదు పేర్లు ఇచ్చిందనీ, అయిదో పేరు ఎవర్నీ అడక్కుండా నేనే కొట్టేశాననీ, ఆ చోట నా దుకాణం పేరు వేసుకున్నాననీ. చదివి ఆయన నవ్వలేదు. “ఇది ఫైల్లో పెట్టమంటారా?” అని మాత్రం అడిగారు. పెట్టమన్నాను. ఉత్తరం టైపు చేయించి సీలు వేసి ఇచ్చారు. ఆ తరవాత, “మరి మిగతా మూడేళ్ళ సంగతి?” అన్నారు.

ఆ ప్రశ్న నాకు ముందే తట్టింది, ఆయనకి తట్టకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. కాగితాలన్నీ దింపి చూస్తే 2021లో ఒకరు, 2023లో ఒకరు, ఇద్దరు ఎక్స్‌ట్రాల మీద నా గీతలే ఉన్నాయి. 2022లో ఎక్స్‌ట్రా లేడు, ఆ ఏడాది నేను నిర్దోషిని. ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకతను ఒక్క ఆట కూడా ఆడలేదట, అయినా పేరు కావాలన్నాడు. నాలుగు రోజులు మండపంలో కూర్చున్నాను కదండీ అన్నాడు. రెండో అతను విశాఖలో ఉద్యోగంలో ఉన్నాడు. ఇంత ఆలస్యంగా ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆ సంభాషణ పొడవైనది, ఇక్కడ వద్దు.

ఆదివారం కప్పు నా బల్ల మీదకి వచ్చింది. 2019 ప్లేట్ విప్పి కొత్తది చెక్కాను. ఎక్స్‌ట్రా అని పక్కన వేయాలా అని నూకరత్నాన్ని ఫోన్‌లో అడిగాను. అప్పటికి అడగడం నేర్చుకున్నాను. “అయిదుగురివీ ఒకేలాగ రాసేయండి మావయ్యా” అంది. మిగతా ప్లేట్ల పని మరుసటి వారం ముగిసింది.

సోమవారం సాయంత్రం విజయనగరం నుంచి ఫోన్ చేసింది. గుమ్మం దగ్గర ఉత్తరం చూసి లోపలికి పంపారట. లోపల ఉత్తరం పక్కన పెట్టి, ఫోను చేతికిచ్చి ఆడమన్నారట. ముగ్గురు విద్యార్థుల్ని ఇచ్చి వాళ్ళకి నేర్పమన్నారట. ఒకటో తారీకు నుంచి రమ్మన్నారు. వాళ్ళమ్మకి చెప్పిందా అని అడిగాను. “సెప్పాను. ఐసులో సెయ్యి పెట్టక్కర్లేదా అనడిగింది. అక్కర్లేదన్నాను. అయితే ఎల్లు అంది” అని చెప్పి, బస్సొచ్చిందని పెట్టేసింది.

గెలిచినవాళ్ళకి గెలుపు గుర్తుంటుంది. మిగతా లోకానికి రేకు మీద ఉన్నదే గుర్తు. ఆ రేకు ముక్క కోసేవాడికి అన్ని పేర్లూ అక్షరాల్లాగే కనిపిస్తాయి, అదే ఈ వృత్తిలో ఉన్న ప్రమాదం. ఇన్నేళ్ళు నేను ప్లేట్ ముందు కోసుకుని, అందులో పట్టినన్ని పేర్లు చెక్కాను. ఇప్పుడు ముందు పేర్లు లెక్కపెడతాను, తరవాత ప్లేట్ కోస్తాను.