కృష్ణుడి కిరీటం

ఉస్మాన్‌గంజ్ దుకాణాల మధ్య పెరిగినదాన్ని. దేవుడికి మొక్కేటప్పుడు కూడా ముందు కొంచెం తగ్గించే అడుగుతాను. ఆబిడ్స్‌లో మా పాప చదివే ఆడపిల్లల బడిలో వార్షికోత్సవానికి నృత్యనాటిక వేస్తున్నారు. కృష్ణుడి వేషం వేరే పిల్ల నేర్చుకుంటున్నదని టీచరమ్మ చెప్పింది. స్టేజీ తెరలకు కావలసిన గుడ్డంతా మా దుకాణం నుంచి పంపిస్తానన్నాను. వేషం మా పాపకు వచ్చింది.

ఆ సాయంత్రమే నాంపల్లి బస్సులో పక్కన కూర్చున్నావిడకు ఈ ఘనకార్యం చెప్పుకున్నాను. ఆమె ఒడిలో పాత పేపరు చుట్టిన పొట్లం ఉంది.

"మరి ఆ పిల్లనేం జేసిన్రు?" అని అడిగింది.

"గోపికల్ల నిలబెడ్తరు. గుంపుల ఒక పిల్ల ఎక్కువైతే ఎవరు చూస్తరక్కా?" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. నాంపల్లి దగ్గర పడుతుండగా పొట్లం విప్పింది. అట్టతో చేసిన కిరీటం, చుట్టూ జరీ, పైన నెమలి ఈక.

"మా బిడ్డకని కుట్టిన. ఇంట్ల ఉంటే చూసి ఏడుస్తది. మీ పాపకు పెట్టుండ్రి" అని నా ఒళ్లో ఉంచి దిగిపోయింది.

వేషం మాకు వద్దని రేపే చెప్తానంటూ కిటికీలోంచి ఒక్క కేక వేస్తే సరిపోయేది. ఎంతటి షావుకారునైనా మాటలతో దారికి తెచ్చేదాన్ని, కిరీటం మీద కొంగు కప్పుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి పెట్టి చూస్తే కిరీటం పాప కనుబొమల మీదికి జారింది. లోపల గుడ్డ పెట్టి బిగువుగా కుట్టేశాను.