అక్క ఎంచుకున్న నెత్తిలైటు

ఏ వస్తువు కొనాలన్నా దాని గురించి నాలుగుచోట్ల చదవందే నాకు మనసొప్పదు. కుక్కరైనా అంతే, చెప్పులైనా అంతే. పైగా సైన్సు టీచర్ని. నాకు తెలియనిది ఒకటుందని ఒప్పుకోవడం నా జాతకంలోనే లేదు. ఆ రోగం కాస్తా కుదిరింది గోరేబాళలో, నేను అద్దెకున్న ఇంటి అక్క చేతిలో.

నేను పుట్టి పెరిగింది రాయచూరు పట్నంలోనే. గోరేబాళ బడికి బదిలీ అయినప్పుడు, ఈ వరిపొలాల మధ్య ఎట్లా బతకాలిరా దేవుడా అనుకున్నాను. ఊరి పక్క క్యాంపులో, అంటే వలసొచ్చిన రైతుల పేటలో, ఒక ఇంట్లో ముందుగది దొరికింది. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుంటున్న కుటుంబం వాళ్ళది. అక్క ఇక్కడే పుట్టినా మాట మాత్రం తాతల నాటి మాటే. మొదట్లో నా 'ఏంది', 'గిట్ల' విన్నప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. తర్వాత అలవాటైపోయింది. రెండేళ్ళు ఆమె చేతి పచ్చడి తిన్నాను.

ఆ ఏడు రెండో పంట కంకి వేస్తుండగా ఆమె భర్తకు హెర్నియా ఆపరేషనయింది. మూడు నెలలు పార పట్టకూడదు, బురదలో దిగకూడదు అన్నాడు డాక్టరు. వాళ్ళ పొలమేమో కాలువ చిట్టచివర. వారానికొకసారి, తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా వాళ్ళ నీటి వంతు. ఆ మూడు గంటల్లో ఒక మడి నిండగానే గట్టుకి గండి కొట్టి నీళ్ళను కింది మడిలోకి మళ్ళిస్తూ చివరిదాకా పారించుకోవాలి. కంకి పాలు పోసుకునేటప్పుడు నీళ్ళు అందకపోతే మిగిలేది తాలే.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే మరిది వచ్చి కూర్చున్నాడు. "ఈ పంట ఎలాగోలా కానివ్వండి. వచ్చే పంట నుంచి పొలం నాకు కౌలుకి ఇచ్చెయ్యి అన్నయ్యా. ఆడమనిషి చీకట్లో కాలవగట్టెక్కి నీళ్ళు కడతదా ఎక్కడన్నా?" అన్నాడు. ఆమె భర్త ఔననలేదు, కాదనలేదు. ఆ మౌనమే అక్కని పొడిచింది. ఆ పొలంలో ఆమె చెయ్యి పడని మడి లేదు. కౌలుకి పోయిందంటే, ఆమె పొద్దున్నే లేచి ఇంకొకరి చేలోకి కూలికి వెళ్ళడమే.

అక్క వంటింట్లోంచి పిండి చేతులతో బయటికి వచ్చింది. "నీళ్ళు నేను కడతాను" అంది.

మరిది నవ్వాడు. "కట్టు వదినా, కట్టు. పంట ఎండితే మాత్రం కౌలు మాట నేను చెప్పలేదనకు." నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరాయిదాన్ని కాబట్టి నోరు మూసుకున్నాను.

నీళ్ళు కట్టేవాళ్ళకి ఒక చేతిలో పార ఉండాలి, ఇంకో చేతిలో పాముల కోసం కర్ర ఉండాలి. టార్చి పట్టడానికి మూడో చెయ్యి లేదు. ఆమె భర్త టార్చిని పళ్ళతో కరిచి పట్టుకునేవాడట. "నెత్తికి కట్టుకునే లైటు నేను రాయచూరు పోయి తెస్తనక్కా, నువ్వు బేఫికర్‌గ ఉండు" అన్నాను. లైటు ఎంచడం సైన్సు టీచరుకి ఒక లెక్కా!

శనివారమంతా ఫోను పట్టుకుని చదివాను. బురదలో నడిచే ఆడదానికి ఎట్లాంటి లైటు కావాలో ఎవడూ రాయలేదు. చీకట్లో మంచుకొండల మీద స్కీయింగ్ చేసేవాళ్ళ కోసం మాత్రం కుప్పలుతెప్పలుగా రాశారు. కాళ్ళకి పొడుగాటి బద్దలు బిగించుకుని కొండ మీంచి కిందికి జారే ఆట అది. వెలుగు దూరం పోవాలట, పట్టీ వదులు కాకూడదట, చలికి బ్యాటరీ చావకూడదట. ప్రాణాలకు తెగించి జారేవాడికి సరిపోయింది మా అక్కకు సరిపోదా అనుకున్నాను. రాయచూరు బజారంతా గాలించి, ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద వెలుగుదాన్ని తెచ్చాను. డబ్బా మీద మంచులో ఎగిరి దూకుతున్న మనిషి బొమ్మ కూడా ఉంది.

అక్క ఆ బొమ్మను చాలాసేపు చూసి, "పాపం, ఈయన ఇంట్లోవాళ్ళు ఏమీ అనరా?" అంది.

మొదటి వంతుకి నేనూ వెంట వెళ్ళాను. అక్క లైటు వెయ్యగానే గట్టు పొడుగునా పట్టపగలయింది. నేను పొంగిపోయాను. పది అడుగులు వేశామో లేదో పురుగులు మొదలయ్యాయి. వరిమీది పురుగంతా అక్క మొహం మీదికే. కళ్ళలో, ముక్కులో, నోరు తెరిస్తే నోట్లో. మడిలోకి చూస్తే నీళ్ళమీద వెలుగు తిరగగొట్టి కళ్ళు బైర్లు కమ్మడమే తప్ప, నీళ్ళు ఎటు నడుస్తున్నాయో కనబడలేదు. అక్క తుమ్ముతూ, ఉమ్ముతూ, కాలితో తడుముకుంటూనే మళ్ళించింది.

కానీ నీళ్ళు మాత్రం వచ్చాయి! ఎప్పుడూ లేనన్ని వచ్చాయి. అయిదింటికల్లా చివరి మడి నిండింది. "చూసినవా అక్కా, నేను తెచ్చిన లైటు మహిమ!" అన్నాను ఊరికే. నిజంగానే దాని మహిమేనని తెల్లారాక తెలిసింది.

పైనున్న రైతులు వంతు లేకపోయినా కాలువలో పైపులు వేసి నీళ్ళు లాక్కోవడం అక్కడ మామూలే. తనిఖీ జీపు వస్తే పీకేస్తారు, పోగానే మళ్ళీ వేస్తారు. ఆ వేకువ గట్టు మీద మా తెల్లటి వెలుగు చూసి, అది జీపే అనుకున్నారు. ఒక ఆడమనిషి నెత్తిమీద అంత వెలుగుంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు? చకచకా పైపులన్నీ పీకేశారు. క్యాంపు క్యాంపంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మరిది కూడా వచ్చి, "వదినా, మా వంతుకి ఒక్కసారి ఆ లైటివ్వవా?" అన్నాడు.

మధ్యాహ్నానికి ఇంకో కబురొచ్చింది. పైరైతు ఒకాయన పైపు పీకే కంగారులో గట్టురాళ్ళ మీద జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. "దొంగనీళ్ళకి పోతే అంతే మరి" అన్నారు అందరూ. అబద్ధమెందుకు, నేనూ అన్నాను. అక్క ఒక్కతే నవ్వడం మానేసింది. సాయంత్రం ఆయన ఇంటికి బయల్దేరుతూ నన్ను తోడు రమ్మంది.

"నీ తప్పేముందక్కా? నువ్వు చెప్పకుంటె ఎవ్వరికి తెలుస్తది? ఉత్తగ పరేషాన్ కొనితెచ్చుకుంటున్నవ్" అని దారి పొడుగునా సణిగాను. ఆమె వింటేగా!

ఆయన కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. "జీపు బంతు అంద్కొండె అక్కా" అన్నాడు సిగ్గుపడుతూ. జీపు వచ్చిందనుకున్నాడు పాపం. అక్క తనకొచ్చిన కన్నడంలో, "ఆ లైటు నందే అణ్ణా" అంది. ఆ లైటు నాదే అని. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. ఆయన భార్య లేచి వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. మేము చాయ్ తాగకుండానే లేచి వచ్చాం. ఇంటికొచ్చినవాళ్ళను అట్లా పంపడమంటే మా జిల్లాలో చెంపమీద కొట్టినట్టే.

నేను దారంతా కారాలు మిరియాలు నూరాను. అక్క మాత్రం, "నాకు కావాల్సింది చూపు టీచరుగారూ. ఎవరినో అదరగొట్టడం కాదు. ఈ లైటు నాకొద్దు" అంది.

ఇంకా ఒక్క తడి కావాలి పంటకి. అదే ఆఖరు. అది అందితే పొలం నిలుస్తుంది, అందకపోతే మరిది మాట నెగ్గుతుంది. క్యాంపులో ప్రతివాళ్ళూ ఆ పెద్ద లైటే కట్టుకోమని చెప్పారు. భర్త కూడా బతిమాలాడు, "ఈ ఒక్కసారికీ కట్టుకోవే" అని. "ఈసారి ఎవరిదన్నా మెడ విరిగితేనో?" అంది. పొలం చేజారుతుందని తెలిసీ అంత నిబ్బరంగా కాదన్న మనిషిని నేను చదువుకున్నవాళ్ళలో చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం సింధనూరులో ఒక కరెంటు సామాన్ల దుకాణానికి వెళ్ళాం. అక్క చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. ఏముందా అని చూస్తే, పొలంగట్టు బురద! ఇంకో పొట్లంలో గుప్పెడు ఊక. నాకు తల కొట్టేసినట్టయింది. అక్క దుకాణంవాడిని అడిగి, కిటికీ లేని వెనకగదిలోకి లైట్లన్నీ తెప్పించుకుంది. తలుపు వేయించింది. తలకి తువ్వాలు చుట్టి ఒక్కొక్కటే కట్టుకుంటూ, పార వేస్తున్నట్టు పదిసార్లు వంగింది, లేచింది. కళ్ళ మీదికి జారినవి పక్కన పెట్టేసింది. చేతికి బురద పూసుకుని స్విచ్చి నొక్కింది. వేలికి దొరకనివి పక్కకి పోయాయి. పళ్ళెంలో నీళ్ళు పోయించి, ఊక చల్లి, పళ్ళెం కొద్దిగా వంచి, ఏ లైటుకి ఊక కదలడం తెలుస్తోందో చూసింది.

"అమ్మా, దుకాణంలనే నాట్లేస్తరా ఏంది?" అన్నాడు దుకాణంవాడు.

"మొలిస్తే మీకే ఇస్తాను లెండి" అంది అక్క, తల ఎత్తకుండా. చివరికి నన్ను ఎదురుగా నిలబెట్టి, "నా మొహం కనపడతందా?" అని ఒక్కొక్క లైటుకీ అడిగింది. పెద్ద వెలుగువాటి వెనక మనిషే లేదు, ఉత్త మంట. పసుపు రంగు వెలుగుది ఒకటుంది, చిన్నది, కిందికి వంచుకోవచ్చు. దాని కింద అక్క మొహం అక్క మొహంలాగే కనిపించింది. అదే తీసుకుంది.

"గీ గుడ్డిదీపమా అక్కా?" అన్నాను.

"డబ్బా మీదాయన కొండ మీంచి దూసుకొస్తాడు, ఆయనకి దూరం కనపడాలి. నేను అడుగు తీసి అడుగేసేదాన్ని. నాలుగడుగులు కనపడితే చాలు."

ఏళ్ళ తరబడి పిల్లలతో ప్రయోగాలు చేయించాను, రికార్డులు రాయించాను. అంత శ్రద్ధగా ప్రయోగం చేసిన మనిషిని మాత్రం ఆ రోజే చూశాను.

ఆఖరి వంతు వేకువ నీళ్ళు సన్నగా వచ్చాయి. నాలుగున్నరకి సగం మడులు కూడా తడవలేదు. అక్క గట్టు వెంట వంగి ఊక చల్లుకుంటూ నడిచింది. ఒకచోట ఊక గట్టువైపు కొట్టుకుపోయింది. "ఎండ్రకాయ బొక్క" అని, గడ్డీ బురదా కలిపి కూరింది. పోయే నీళ్ళు ఆగాయి. కానీ వచ్చే నీళ్ళే చాలవు.

అప్పుడు పైగట్టు మీద ఎవరో టార్చితో రావడం కనిపించింది. చెయ్యి విరిగినాయన భార్య. కాలువకి అటుపక్క ఆగి, పసుపు వెలుగు కింద కనబడుతున్న అక్క మొహంలోకి చూసింది. "నమ్ పైపు తగదీవి అక్కా. ఆరు గంటె తన హాకంగిల్ల" అంది. మా పైపు తీసేశాం, ఆరింటిదాకా వెయ్యం అని. పక్కవాళ్ళిద్దరికీ కూడా చెప్పి తీయించిందట. ఇంకా పైనున్నవాళ్ళు వినలేదట. అక్క రెండు చేతులూ జోడించింది. ఆమె వెనక్కి తిరిగింది.

నీళ్ళు మెల్లగా లావయ్యాయి. ఒక్కొక్క మడీ నిండుతూ వచ్చింది. ఆరు కొట్టేసరికి చివరి మడిలో ఒక మూల ఎండుగా మిగిలిపోయింది. ఇంకో పది నిమిషాలుంటే తడిసేది. అక్క పరుగున వెళ్ళి తూము మూసేసింది. "పది నిమిషాలకి ఏమైతదక్కా?" అని అరిచాను. "ఆ పది నిమిషాలూ తర్వాత వంతువాళ్ళవి" అంది. ఆ తర్వాత ఇనపతట్ట తీసుకుని, తన పైమడిలోని నీళ్ళనే ఎత్తి ఎత్తి ఆ మూలకి చిమ్మింది. ఎన్ని తట్టలో! నేనూ చీర ఎగ్గట్టి దిగాను. నాలుగు తట్టలకే నడుం పట్టేసింది.

తలెత్తి చూస్తే గట్టు మీద ఆమె భర్త. డాక్టరు వద్దన్నా నడిచి వచ్చేశాడు. వెనకే మరిది. భర్త చివరి మడి దాకా నెమ్మదిగా నడిచి, ఆ మూలలో ఒక కంకి అందుకుని గింజని గోటితో నొక్కాడు. తెల్లగా పాలు చిమ్మాయి.

"ఇంక కౌలు మాట ఎత్తకురా" అన్నాడు తమ్ముడితో. "ఈ పొలం రైతు అదిగో, కాలవలో చేతులు కడుక్కుంటంది."

అక్క చేతులు కడుక్కోవడం ఆపేసింది. సగం కడిగిన ఆ బురదచేతులతోనే మొహం కప్పుకుని, గట్టు మీద కూలబడి ఏడ్చింది.