రొంటిలో మిగిలిన పిన్ను

సొంతంగా షాపు పెట్టినవాళ్లు ధైర్యం గురించి ఉపన్యాసాలిస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఎక్కడిదయ్యా ధైర్యం? నాకైతే ఏనాడూ లేదు. నా వర్క్‌షాపు మొదటి రోజు నుంచి భయం మీదే నడిచింది. ఆ మాట అంటే వినేవాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నాకేం పోయింది!

మాది ఆనందపురం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. నేను పోర్టు పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఎనిమిదేళ్లు ఇనుము చెక్కే లేతు మిషను మీద పనిచేశాను. అప్పుడే స్టీలు ప్లాంటు పనులు మొదలయ్యాయి. నాతో పనిచేసినవాళ్లంతా అక్కడ ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టుకుంటుంటే, నేను పాత లేతు ఒకటి కొని ఫిషింగ్ హార్బరు వెనక రేకుల షెడ్డులో పెట్టాను. "తిన్నదరక్క సేత్తన్నావ్" అన్నాడు మా నాన్న. నా భార్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోయేసరికి నాకు ఇంకా భయమేసింది.

షెడ్డు తెరిచి ఇరవై రోజులైనా ఒక్క బోటువాడు తొంగి చూడలేదు. వాళ్లకి ఎప్పటినుంచో తెలిసిన మేస్త్రీలున్నారు. నేను పొద్దున్నే వెళ్లి లేతుకి నూనె రాసేవాణ్ని, తుడిచేవాణ్ని, మళ్లీ రాసేవాణ్ని. దారిన పోయేవాడు ఇటు చూస్తే చాలు, చేతిలోకి ఏదో ఒక ఇనుపముక్క తీసుకుని దాన్ని తెగ కొలిచేవాణ్ని. సిగ్గులేని బతుకు!

ఇరవయ్యొకటో రోజున యారాడ అనే పల్లె నుంచి ఒక సరంగు వచ్చాడు. సరంగంటే బోటు నడిపేవాడు. నా ఈడువాడే. వాళ్ల మేస్త్రీ ఏదో పెళ్లికని ఊరెళ్లాడట, ఈలోగా బోటు షాఫ్టు, ఇంజను తిప్పే పొడుగాటి ఇనపకడ్డీ, వంగిపోయింది. కొత్త షాఫ్టు చేసి, దాని చివర పంకా బిగించాలి. నీటిలో తిరిగి బోటుని ముందుకి తోసే రెక్కల చక్రాన్ని వాళ్లు పంకా అంటారు.

"రెండ్రోజుల్లో ఇచ్చీగలవేటి బావా?"

"ఇచ్చేస్తాను" అన్నాను.

షాఫ్టు బాగానే వచ్చింది. అబద్ధమెందుకు, చాలా బాగా వచ్చింది. పంకా బిగించడానికి మాత్రం సముద్రం ఆడించినట్టు ఆడాలి. పోటు మీద బోటుని ఒడ్డుకి తెచ్చి ఆపుతారు. నీళ్లు తీసినప్పుడు అడుగు బయటపడుతుంది. మళ్లీ నీళ్లు ఎక్కేలోపల పని ముగించాలి. తెల్లవారగానే మొదలుపెట్టాను. పంకా ఎక్కించి, వెనక పెద్ద నట్టు బిగించాను. ఆ నట్టు వదులు కాకుండా దాంట్లోంచి అడ్డంగా ఒక ఇత్తడి పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లూ చెరోపక్కకి వంచాలి. వేలెడంత పిన్ను. కాంట్రాక్టరు దగ్గర ఉన్నప్పుడు చిన్న సామానంతా డబ్బా మూతలో పెట్టుకోవడం మా పద్ధతి. ఆ రోజు మూత తేలేదు. మా ఊరివాళ్లకి రొంటే పెట్టె, రొంటే బీరువా. పిన్ను లుంగీ మడతలో దోపుకున్నాను. నీళ్లు మోకాళ్లు దాటి నడుం దాకా వచ్చాయి. పైనుంచి సరంగు "అయిందా, అయిందా" అని ప్రాణం తీస్తున్నాడు.

"అయిపోయింది" అని పైకి వచ్చేశాను.

మధ్యాహ్నం దాటాక బోటు బయలుదేరింది. యారాడ నుంచి సరంగు తల్లి వచ్చి పసుపునీళ్లు చల్లింది, కొబ్బరికాయ కొట్టింది. లోపల సరంగు, అతనితో నలుగురు. నేను జెట్టీ మీద నిలబడి ఉన్నాను. గర్వంగానే ఉన్నాను, దాచుకోవడమెందుకు. బీడీ ముట్టిద్దామని అగ్గిపెట్టె కోసం రొంటిలో చెయ్యి పెట్టాను. పిన్ను తగిలింది.

బోటు అప్పటికి పది బారల దూరంలో ఉంది. ఒక్క కేక వేస్తే వినిపిస్తుంది. నోరు తెరిచాను కూడా. కానీ వేటకి వెళ్లే బోటుని వెనక నుంచి పిలవకూడదు. ఎక్కడికని అడగకూడదు, ఎప్పుడొస్తారని అడగకూడదు. మా ఇళ్లల్లోనూ అంతే, గడప దాటినవాణ్ని వెనక్కి పిలిస్తే మా అమ్మ నెత్తిన ఒక్కటి మొట్టేది. జెట్టీ నిండా ఆడవాళ్లున్నారు. నోరు మూసుకున్నాను.

ఆచారమే నా నోరు మూసిందా, లేక మొదటి పనికే పిన్ను మరిచిపోయిన మేస్త్రీ అనిపించుకోవడానికి సిగ్గేసిందా? ఇవాళ్టికీ నాకు నేను గట్టిగా జవాబు చెప్పుకోలేను. బోటు డాల్ఫిన్ ముక్కు కొండ పక్కనుంచి తిరిగి కనబడకుండా పోయింది.

షెడ్డుకి వచ్చి కూర్చుని లెక్కలు వేశాను. ముందుకి వెళ్తున్నంతసేపూ ఆ నట్టు బిగుసుకునేలాగే మర తీశాను. ఇంజను వెనక్కి తిప్పితేనే వదులవుతుంది. వెనక్కి తిప్పకపోతే ఏమీ కాదు. ఈ మాట ఓ యాభైసార్లు అనుకుని ఉంటాను. వెనక్కి తిప్పకుండా ఏ బోటు వేట చేస్తుంది, నా తలకాయ!

సాయంత్రం ఇంటికి వెళ్తే రేడియోలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని చెప్పారు. పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారట. కలిపిన అన్నం అలాగే వదిలేశాను. నా భార్య కంచం వైపు చూసింది, నా వైపు చూసింది. పిన్ను తీసి ఆవిడ ముందు పెట్టి అంతా చెప్పేశాను.

"ఎల్లి ఆళ్లింట్లో సెప్పీండి" అంది.

"చెప్తే షాపు మూసుకోవాలి. హార్బరంతా తెలిసిపోతుంది."

"మూసుకుందుం. ఆ బోటులో ఐదుగురున్నారు."

ఇన్నాళ్లూ ఏమీ అనని మనిషి. ఆ మాట దగ్గర నా లెక్కలన్నీ అయిపోయాయి.

తెల్లారగానే యారాడ బయలుదేరాను. బస్సు కొండ కింద దించింది. అక్కణ్నించి కొండెక్కి దిగాలి. ఎక్కుతున్నంతసేపూ సముద్రం కేసి చూడకుండా నడిచాను. గాలి పెరుగుతోంది. బోటు ఈపాటికి వచ్చేసిందేమో, అనవసరంగా పరువు తీసుకుంటున్నానేమో, వెనక్కి పోతే ఏం? రెండుసార్లు ఆగాను. రెండోసారి ఆగినప్పుడు నిజంగానే నాలుగడుగులు వెనక్కి వేశాను.

సరంగు తల్లి ఇంటి ముందు ఇసకలో చేపలు ఎండబెడుతోంది. పేరు పెట్టి తిట్టినా, చెప్పుతో కొట్టినా పడదామని సిద్ధమై పిన్ను చూపించాను. చెప్పవలసింది చెప్పాను.

"బోటు కదిలినప్పుడే నీ సేతికి తగిలిందా?" అంది.

"తగిలింది."

"మరి కేకెయ్యనేదేటి?"

"వెనక నుంచి పిలవకూడదని…"

ఆవిడ చేతిలోని చేప ఇసకలో పడేసింది. "నానూ అలగే అనుకున్నాను బావూ. మావోడి నాన్న ఆకరిసారి ఎల్లినప్పుడు తెరసాప సిరుగు నాను సూసినాను. ఒడ్డు మీద నిలబడి సూసినాను. పిలవకూడదని నోరు మూసుకున్నాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "రా, ఏడుపులు తరవాత."

ఆ వయసులో ఆవిడ నడకని నేను అందుకోలేకపోయాను. తీరం మీద వాళ్ల చుట్టాల పడవలున్నాయి. అక్కడి మగవాళ్లకి నా సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసింది. నా నోటితో చెప్పే పని లేకుండా చేసింది, అదొక దయ. బోటు ఎక్కడికి వెళ్లిందో అడగడానికి నేను భయపడ్డాను, ఆవిడకి అది ముందే తెలుసు. "ఈ గాలికి ఆడు బీమిలి ఎదుట లోతుకే ఎల్తాడు. అక్కడే సూడండి" అంది. రెండు పడవలు వెళ్లాయి. నన్నెవరూ పొమ్మనలేదు, కూర్చోమనలేదు. పొద్దుగూకే దాకా ఆ ఇసకలోనే ఉన్నాను. మధ్యలో ఆవిడ గంజి తెచ్చి పెట్టింది. తాగలేకపోతే తిట్టింది.

చీకటి పడేలోపు రెండు పడవలూ బోటుని తాడు కట్టి లాక్కొచ్చాయి. పొద్దున్న వల ఏదో రాతికి పట్టిందట. విడిపించుకోవడానికి సరంగు ఇంజను వెనక్కి వేశాడు. రెండోసారి వేసేసరికి షాఫ్టు ఒట్టినే గిర్రుమంది. పంకా సముద్రంలో పడిపోయింది. లంగరు వేసుకుని ఆ గాలిలో కూర్చున్నారు. లంగరు తాడు అప్పటికే సగం ఒరుసుకుపోయిందట.

సరంగు దిగి తిన్నగా నా దగ్గరికి వచ్చి చెంప మీద ఒక్కటిచ్చాడు. చెవి గింగుర్లెత్తింది.

"కొట్టినావు కదా, ఇంక సాలు. ఈడొచ్చి సెప్పబట్టే పడవలొచ్చినాయి" అంది తల్లి.

అతను నా వైపు చూశాడు. వెళ్లిపోయాడు.

తర్వాత నెలరోజులు నా షెడ్డు వైపు ఈగ కూడా వాలలేదు. పూర్ణా మార్కెట్‌లో సామాను కొనడానికి వెళ్తే "పిన్ను మేస్త్రీ" అని వెనక నవ్వులు వినిపించేవి. స్టీలు ప్లాంటు ఉద్యోగానికి ఫారం తెచ్చి, నింపి, సంతకం పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాను. పోస్టులో వెయ్యలేదు. చించనూ లేదు. నా భార్య మాత్రం రోజూ నాలుగు గిన్నెల క్యారేజీ సర్ది ఇచ్చేది, షాపులో ఊపిరాడనంత పని ఉన్నవాడికి సర్దినట్టు. ఆ క్యారేజీ తీసుకుని ఇంట్లో కూర్చోలేను కదా! వెళ్లి షెడ్డు తెరిచేవాణ్ని. డబ్బా మూతలు ఆరు కడిగి బల్ల మీద వరసగా పెట్టాను. వాటిలో వెయ్యడానికి ఏమీ లేదు.

ఒకరోజు సరంగు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కొత్త పంకా కొన్నాం. బిగించాల."

"నాతోనా?"

"మా యమ్మ నీ కాడికే ఎల్లమంది. నాకైతే ఇట్టం నేదు" అన్నాడు. ఉన్నమాట అన్నాడు, నాకది నచ్చింది.

ఈసారి మూత తీసుకెళ్లాను. పిన్ను దూర్చాను, కాళ్లు వంచాను, చేత్తో తడిమాను. నడుంలోతు నీళ్లొచ్చాక మునిగి మళ్లీ తడిమాను. పైనుంచి సరంగు అరుస్తూనే ఉన్నాడు, అరవనిచ్చాను. మధ్యాహ్నం తల్లి వచ్చింది. కొబ్బరికాయ అయింది, పసుపునీళ్లయ్యాయి. బోటు కదిలింది. నేను రొంటిలో చెయ్యి పెట్టాను. ఏమీ లేదు. జేబులో పెట్టాను, ఫారం తగిలింది. మూత చూశాను, ఖాళీ. పిన్ను దాని చోట ఉందని నాకు తెలుసు. తెలిసినా ఖాళీ మూతని మళ్లీ తడిమాను. అయిదు బారలు వెళ్లింది. పది బారలు వెళ్లింది.

"ఆగండి!" అని అరిచాను. "ఓ బావా! వెనక్కి రా!"

జెట్టీ మీద ఆడవాళ్లందరూ నా మీద విరుచుకుపడ్డారు. నోటికొచ్చిన శాపమల్లా పెట్టారు. సరంగు మొహం నల్లబడిపోవడం అంత దూరం నుంచీ కనిపించింది. తల్లి ఒక్కతే కదలకుండా నిలబడి ఉంది. "పిలుత్తన్నాడు కదరా, రా!" అని కొడుకు మీద కేకేసింది.

బోటు తిప్పుకోవడానికి అక్కడ చోటు లేదు. సరంగు ఇంజను వెనక్కి వేశాడు. నీళ్లు తెల్లగా పొంగాయి. బోటు వెనక్కి, వెనక్కి, పది బారలూ వెనక్కి వచ్చి జెట్టీకి ఆనింది. పంకా ఊడలేదు.

"ఏటి?" అన్నాడు సరంగు, పళ్లు కొరుకుతూ.

"ఏం లేదు" అన్నాను. "ఇంక వెళ్లు."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక బూతు ఒకటి తిట్టి, వాళ్ల అమ్మ వైపు చూసి, ఇంజను ముందుకి వేశాడు. నా చేతులకి ఇంకా గ్రీజుంది. జేబులోంచి ఫారం తీసి తుడుచుకున్నాను.

ఆ తర్వాత నా చేతి మీదుగా ఎన్ని బోట్లు సముద్రంలోకి వెళ్లాయో లెక్కలేదు. ప్రతిదాన్నీ ఒకసారి వెనక్కి పిలిచాను. మొదట్లో తిట్టేవారు. తర్వాత తర్వాత, నేను పిలవకముందే పది బారలు వెళ్లి ఆగి, నా కేక కోసం చూసేవారు.