నీరు ఇంకాల్సిన నేల

కొడవలూరు దాటి సముద్రం వైపు తిరిగే రోడ్డులో, ఒకప్పుడు మా వరిచేను ఉన్నచోట ఇప్పుడు ఒక పాఠశాల ఉంది. నాన్న పోయాక అన్నా నేనూ సంతకాలు పెట్టి ఆ చేను అమ్మాము. నిరుడు మే నెలలో భవనాలు పూర్తయ్యాయి, ఆటస్థలం మిగిలింది. నేను నెల్లూరులో మట్టినీ నీటినీ పరీక్షించే ఒక ప్రయోగశాలలో పనిచేస్తాను. కట్టడం ముగిశాక ఆ నేల ఎలా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టో ప్రమాణాలు రాసిపెట్టమని పాఠశాల కరస్పాండెంట్ మా ప్రయోగశాలను అడిగారు. ఆ పని నాకు అప్పగించారు. ఆ నేల ఒకప్పుడు మాదేనని ఆయనకు మొదటిరోజే చెప్పాను. "అయితే మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది మేడమ్" అన్నారు.

ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని ఆ రోజు అక్కడ కాసేపు నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. గట్లు ఎక్కడుండేవో, కాలువ ఎటు పారేదో గుర్తుపట్టే వీలు లేదు. లారీలు తిరిగి తిరిగి నేల రోడ్డులా బిగుసుకుపోయింది. గడ్డపార వేసిన చోటల్లా కంకర, సిమెంటు పెళ్లలు, కమ్మీ ముక్కలు, ఒక చోట ఎవరిదో రబ్బరు చెప్పు. మట్టి నమూనాలు సంచుల్లో కట్టి, వాటి మీద తేదీలు వేసి వచ్చేశాను.

ప్రమాణాలు రాయడానికి వారం పట్టింది. అర అడుగు లోతు వరకు కట్టడపు చెత్త ఉండకూడదు. చేతి బలంతో గుచ్చిన ఇనుప చువ్వ ఆ లోతు వరకు దిగాలి. పై మట్టిలో ఐదో వంతు బాగా మాగిన పశువుల ఎరువు కలవాలి. అక్కడి బోరు నీరు ఉప్పగా ఉంటుంది కనుక మట్టిలో ఉప్పు ఎంతవరకు ఉండవచ్చో వేరుగా రాశాను. అన్నిటికంటే ముఖ్యమైనది నీటి పరీక్ష: నేలలో దించిన గొట్టంలో రెండంగుళాల నీరు పోస్తే గంటలోపు ఇంకిపోవాలి. పైకి కనిపించే పచ్చదనం చూసి ఒప్పుకోకూడదని చివర రాసి, కింద గీత గీశాను.

నేల బాగుచేసి గరిక నాటే పని అన్న తీసుకున్నాడు. చేను అమ్మాక ఆయన రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉన్నాడు, తరువాత ఒక లారీ ఆఫీసులో కూర్చున్నాడు, ఎక్కడా నిలవలేదు. నేల పరీక్షలో నెగ్గితే ఆటస్థలం సంరక్షణ ఏడాది పొడవునా ఆయనకే ఇస్తామని కరస్పాండెంట్ మాట ఇచ్చారు. నెగ్గకపోతే చెన్నై నుంచి వేరే వాళ్లు వస్తారు. వదిన ఫోన్ చేసి, "ఆ మనిషి మళ్లా తెల్లారకముందే లేస్తా ఉండాడు. కొంచెం చూసుకోమ్మా" అంది.

ఆగస్టులో పరీక్షకు వెళ్లాను. ఆటస్థలం పచ్చగా, బల్లపరుపుగా ఉంది. వరినాట్లు వేసే ఆడవాళ్లే అక్కడ కూర్చుని తుంగ ఏరుతున్నారు.

"బతుకంతా గరిక పీకి గట్టు మీదేసినాం. ఇప్పుడు కూలి తీసుకోని దాన్నే సాకతా ఉండాం" అంది ఒకామె.

"ఇంతా చేసి దీన్ని గొడ్లక్కూడా పెట్టరంట. బిడ్డలు తొక్కేదానికంట."

"తొక్కేదానికైతే మా ఆయన్ని తోలిస్తా. ఇంట్లో ఊరికే కూచోనుండాడు."

అన్న కూడా నవ్వుతూ వచ్చి, నేను గొట్టం దించుతుంటే పక్కన గొంతుకూర్చున్నాడు. నీరు పోసి గడియారం చూశాను. గంట గడిచింది. నీరు పోసినచోటే నిలిచి ఉంది.

"చూసినావా, చుక్క దిగలా" అన్నాడు అన్న. ఆ ముఖంలో అంత సంతోషం నేను చాలాకాలంగా చూడలేదు. "మట్టి కలిపినాక నీళ్లు పెట్టి, ట్రాక్టరుకి ఇనుప చక్రాలు కట్టి రెండు తూర్లు దమ్ము చేయించినా. చదును చేసే పలక నేనే లాగినా. నాయన చేసినట్టే."

వరికి నీరు నిలవాలి. అందుకే తడినేలను తొక్కించి, బురద చేసి, అడుగున నీరు దిగని గట్టి పొర పడేలా చూస్తారు. మా ఇళ్లలో నేలను సిద్ధం చేయడం అంటే అదే. పారతో ఒక పెళ్ల తీసి చూపించాను. జానెడు లోతున మట్టి బూడిదరంగుకు తిరిగి, కుళ్లిన వాసన వేస్తోంది. గరిక వేళ్లు నల్లబడ్డాయి.

"నీళ్లు నిలవకపోతే అది చేనెట్టవుతాది?" అన్నాడు.

"ఇది చేను కాదన్నా."

ఆయన పెళ్లను మళ్లీ ఆ గుంటలోనే పెట్టి, అంచులు కాలితో అదిమాడు.

"తప్పినట్టు రాసేస్తావా?"

"రాస్తాను."

"సరే, రాయి."

కరస్పాండెంట్ గదిలో ఫ్యాను కింద కూర్చుని రాశాను. "మీ అన్నగారే కదా మేడమ్. పైకి బాగానే ఉంది, సరే అని పెట్టేయండి" అన్నారాయన. నేల ప్రమాణాలకు తగినట్టు లేదని రాశాను. ఆరాక అడుగు లోతు పగలగొట్టి, ఇసుకా ఎరువూ కలిపి, తడి మీద చక్రం తిప్పకుండా మళ్లీ నాటాలని దాని కిందే రాశాను. అదే మనిషికి మరొక అవకాశం ఇవ్వమనీ, ఈసారి పరీక్ష నేను కాక మా ప్రయోగశాలలో మరొకరు చేస్తారనీ చెప్పాను. దసరా సెలవుల వరకు గడువు ఇచ్చారు.

తాను చదును చేసిన నేలను అన్నే పగలగొట్టించాడు. ట్రాక్టరు తిరగని అంచులను గడ్డపారతో తానే తవ్వాడని వదిన చెప్పింది. ఆ రోజుల్లో నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

దసరా సెలవుల్లో మా సహోద్యోగి పరీక్ష చేశాడు. నేను దూరంగా మెట్ల మీద కూర్చున్నాను. గంటకు ముందే నీరు ఇంకిపోయింది. అన్న వంగి, గొట్టంలోకి చాలాసేపు చూశాడు.

"అయిపోయిందన్నా, పాసయినావు" అన్నాడు మావాడు.

"యాడికి పోయినాయి?"

"కిందికే."

అన్న గొట్టం పైకి లాగి, మట్టి తుడిచి, అతని చేతికిచ్చాడు. సంరక్షణ పని ఆయనకే వచ్చింది.

నవంబరులో వాయుగుండం పట్టి రెండు రోజులు వాన కురిసింది. తెరిపిచ్చిన రోజు ఉదయం నేను ప్రయోగశాలలో ఉండగా అన్న ఫోన్ చేశాడు.

"పార తీసుకోని వచ్చినా పాపా, యాడన్నా గండి కొట్టాల్నేమోనని. ఏమీ లేదు. చుక్క నిలవలా."

"మంచిదే కదన్నా."

"మంచిదేలే. తడి మీద చక్రం తిప్పకూడదని నువ్వే గదా రాసింది. గడ్డి కోసే పనీ లేదు. వాన పడినాక నాకు పని లేకపోవడం ఇదే మొదులు. ఏం చెయ్యాల్నో తెలవడంలా."

"కూర్చో అన్నా కాసేపు."

"కూచోనే ఉండా పాపా" అన్నాడు.