కుళాయి వరద

కొరియా దేశపు భద్రతాధికారి ఒకామె మా చెల్లెలి అత్తగారిని వీపున వేసుకుని మిద్దె మెట్లు ఎక్కుతోంది. వీపు మీది ముసలామె ఒక చేత్తో ఆమె మెడను, రెండో చేత్తో తన వక్కాకు సంచిని గట్టిగా పట్టుకుని, ఊరంతా వినబడేలా అరుస్తోంది. మెట్ల కింద నేను నిలబడి, ఏ తొందరా లేని గొంతుతో, కొరియా భాషలో, రక్షక దళం దారిలో ఉందని ప్రకటిస్తున్నాను.

రక్షక దళం ఏదీ దారిలో లేదు. అప్పటికైతే లేదు. వరద కూడా లేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఊరి పక్కనే ఉన్న పెన్నలో జనం నీళ్లు చూసి చాలాకాలమైంది. అయినా ఆ ఆదివారం మా చెల్లెలి వాళ్ల సందు సందంతా మునిగింది. ముంచినవాణ్ణి నేను. పాఠకులు కాస్త ఓపిక పట్టి, మొత్తం విన్నాకే నన్ను తిట్టాలని మనవి.

నేను కర్నూలులో ఒక దినపత్రికలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ ఉద్యోగంలో మనిషికి ఒక జబ్బు అంటుకుంటుంది. మంచి జరిగితే లోపలి పేజీలో ఏదో మూల వెతుకుతాం, చెడు జరిగితే మొదటి పేజీ ఖాళీ చేస్తాం. అన్నేళ్లు అలా బతికాక, ఏ భాషలోనైనా ముందు నేర్వాల్సినవి ప్రమాదం మాటలేననీ, మిగిలినవి తీరుబడిగా వస్తాయనీ ఒక నమ్మకం కుదిరిపోతుంది.

మా చెల్లెలు లక్ష్మీదేవిని కడప జిల్లాలో, జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డునున్న ఒక చేనేత ఊరికి ఇచ్చాం. బావ ఓబులేసు, నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించి కూర్చుని, గుంట మగ్గం మీద నూలు చీరలు నేస్తాడు. వాళ్ల కూతురు సునీత పక్క జిల్లాలో కొరియా వాళ్ల విడిభాగాల ఫ్యాక్టరీలో, భద్రతా విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగి. ఆ విభాగంలో శిక్షకురాలి పోస్టు ఒకటి ఖాళీ అయింది. నిప్పు అంటుకుంటే ఎటు పోవాలో, భూమి అదిరితే ఎక్కడ నిలబడాలో తెలుగువాళ్లకు తెలుగులో, కొరియావాళ్లకు కొరియాలో నేర్పే పని. పర్మనెంటు. అది వస్తే బావ గుంటలోంచి పైకి వచ్చేయవచ్చు. ఆయన మోకాళ్లు ఆ గుంటలోకి దిగమని మొరాయించి చాలాకాలమైంది. దిగేటప్పుడు చెల్లెలు భుజం ఇస్తుంది, ఎక్కేటప్పుడు, ఇంట్లో ఉంటే, సునీత చెయ్యి ఇస్తుంది. ఆ ఇంట్లో ఈ విషయం ఎవరూ మాట్లాడుకోరు గానీ, ఆ పోస్టు మాట వచ్చినప్పుడల్లా అందరి చూపూ ముందు ఆ గుంట మీదికే పోతుంది.

సునీత సెలవుకు ఇంటికి వచ్చినప్పుడల్లా సాయంత్రం మగ్గం పక్కన కూర్చుని ఫోనులో పాఠాలు పెట్టుకునేది. ఫోనులో ఒక గొంతు కొరియా మాట చెప్పేది, సునీత వెంట పలికేది. నేను అప్పుడు చెల్లెలింట్లోనే ఉన్నాను. పనిలేనివాణ్ణి, చెవులున్నవాణ్ణి. నేనూ వెంట పలకడం మొదలుపెట్టాను.

"పురియా!" అని అరిచాను ఒకరోజు.

బావ ఉలిక్కిపడ్డాడు. పోగు నడిపే నాడె చేతిలోంచి జారింది. "ఏంది బావా అది?"

"మంటలు అని అర్థం."

"నిన్న భూకంపమంటివి, ఈ పొద్దు మంటలంటాండావు. ఆ భాషలో ఒక్క మంచిమాట కూడా లేదా?"

"ఉండాయి నాయనా. మామే వద్దంటాండాడు" అంది సునీత. తర్వాత నా వైపు తిరిగింది. "ముందు నమస్కారం నేర్చుకో మామా. ‘అన్న్యంగ్ హసెయో’. ఎవరు కనపడినా ఇది చెప్పొచ్చు."

"నమస్కారం చేతుల్తో పెట్టొచ్చు. వరద వస్తోందని చేతుల్తో చెప్పలేం" అన్నాను.

ఇది వాదన కోసం అన్న మాట కాదు. తుంగభద్ర కర్నూలు వీధుల్లోకి వచ్చిన ఏడాది నేను విలేకరిగా రోడ్డు మీద ఉన్నాను. మైకు కట్టిన ఆటో ఒకటి అందరినీ ఎత్తయిన చోటికి పొమ్మని చెబుతూ తిరిగింది. జనం కదిలారు. ఒక సత్రం అరుగు మీద మాత్రం ముసలి దంపతులు ఇద్దరు కదలకుండా కూర్చున్నారు. ఎక్కడో ఉత్తరాది నుంచి మంత్రాలయానికి బయలుదేరిన వాళ్లు. మైకు వైపు చూసి, అది ఏదో ఉత్సవం చాటింపు అనుకున్నట్టు చిన్నగా నవ్వారు. వాళ్ల భాష నాకు రాదు. దూరం నుంచి చేతులు ఊపాను. వాళ్లూ నాకు చేతులు ఊపారు. ఇంతలో జనం నన్ను తోసుకుపోయారు. మర్నాటికి ఆ అరుగు నీళ్ల కింద ఉంది. వాళ్లు ఎవరి చెయ్యి పట్టుకుని బయటపడ్డారో, అసలు పడ్డారో లేదో, నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకని నేను కొరియా భాషను సరదాగా నేర్వలేదు. పూజామందిరంలో మంత్రం నేర్చినట్టు నేర్చాను. వాక్యం మొత్తం ఒక్క ఊపిరిలో. "మురి తురొమ్నిదా, నొఫున్ కొసురో తేపిహాసెయో." నీళ్లు లోపలికి వస్తున్నాయి, ఎత్తయిన చోటికి వెళ్లండి. "నోయక్చా మొంజో." ముసలివాళ్లు, బలహీనులు ముందు. "చిమ్‌చఖాసెయో, కుజొదెగా ఓగో ఇస్సుమ్నిదా." స్థిమితంగా ఉండండి, రక్షక దళం వస్తోంది. వీటిలో ఏ ముక్క విడదీసినా మిగతాది నాకు గుర్తురాదు. రైలుపెట్టెల్లా అన్నీ కలిసే రావాలి.

ఇదీ నా భాషా సంపద. వరదకు పనికొస్తుంది, భూకంపానికి పనికొస్తుంది. ఒక అతిథిని కూర్చోమనడానికి పనికిరాదు.

ఆ అతిథి రానే వచ్చింది. సునీత పైఅధికారి, హాన్ మేడం. పొట్టిగా, గట్టిగా, మెడలో ఈల వేలాడేసుకుని వచ్చింది. సెలవురోజున కూడా ఆ ఈల తీయదట. పోస్టు ఎవరికివ్వాలో చెప్పేది ఆవిడే. మగ్గం చూడాలని ఉందని ఆవిడే అడిగింది. చూడాలనుకున్నది మగ్గాన్నో, సునీతనో, ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

"మామా, నువ్వు గమ్మునుండు. అది చాలు" అంది సునీత ముందు రోజే.

"నేనెప్పుడు ఎక్కువ మాట్లాడినాను?"

చెల్లెలు వంటింట్లోంచి తొంగిచూసింది. "అన్నా, ఆ పిల్ల చెప్పినట్ల విను. నీకు దండం పెడతా."

విన్నాను. హాన్ మేడం గుంటలోకి దిగి కూర్చుంది, బావ చూపించినట్టు నాడె విసిరింది, పోగు తెంపింది, సిగ్గుపడింది. గోడవార కూర్చున్న సుబ్బమ్మవ్వ, అంటే బావ వాళ్లమ్మ, ఆకు నములుతూ "పిల్ల చెయ్యి మంచిదే. ఒక ఏడాది కూచోబెడితే నేస్తాది" అని తీర్పు చెప్పింది. సునీత అది కొరియాలో చెప్పింది. మేడం నవ్వింది. ఆ నవ్వు చూసి చెల్లెలు కళ్లొత్తుకుంది. పని అయిపోయినట్టే అనుకున్నాం.

సరిగ్గా అప్పుడు సందు మొదట్లోంచి ఖాసింబీ కేక వినిపించింది.

"నీళ్లొచ్చినాయ్!"

ఆ ఊరి సంగతి తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. అక్కడ కుళాయి నీళ్లు ఏ రోజు వస్తాయో మనుషులకు తెలియదు, వచ్చాక ఎంతసేపుంటాయో కుళాయికి తెలియదు. వీధి కుళాయిలు సందు మొదట్లో, ఖాసింబీ ఇంటి ముందే ఉన్నాయి, మొదటి చుక్క చూసేది ఆమే. అందుకని కేక వేసే బాధ్యత ఆమెది. ఆ కేక విన్నాక ఆ సందులో అత్తా కోడలూ లేరు, జ్వరం ఉన్నవాడూ లేనివాడూ లేరు. ఒకసారి పెళ్లిచూపుల్లో పెళ్లికూతురే లేచి పరుగెత్తిందట. మగపిల్లవాడి తల్లి కూడా వెనకే ఒక బకెట్టు పట్టుకుని పోయి, అక్కడే సంబంధం ఖాయం చేసుకుందట.

చెల్లెలు బిందెలతో మాయమైంది. బావ, ఆ మోకాళ్లతోనే, క్యాన్లతో మాయమయ్యాడు. భద్రతా విభాగపు ఉద్యోగిని సునీత రెండు చంకల్లో రెండు బిందెలు పెట్టుకుని గడప దాటుతూ, "మామా, మేడమ్‌ను చూసుకో!" అంది.

చూసుకున్నాను.

గదిలో అవ్వ, నేను, హాన్ మేడం మిగిలాం. బయట సందంతా ఒకే వైపు పరుగెడుతోంది. కేకలు, బిందెల మోత, ఒకరినొకరు తోసుకోవడం. మేడం గుంటలోంచి లేచి, వాకిలి వైపు చూసి, "వాట్ హ్యాపెన్డ్?" అని అడిగింది.

"ట్యాప్ వాటర్" అంటే సరిపోయేది. నాకు ఆ పాటి ఇంగ్లీషు వచ్చు. కానీ ఎన్నో సాయంత్రాలు నేర్చిన విద్య నాలుక చివర వచ్చి కూర్చుంది. నాకు కొరియాలో నీళ్ల గురించి తెలిసిన వాక్యం ఒక్కటే. ఆ వాక్యంలో నీళ్లు వస్తున్నాయి. బయట కూడా నీళ్లు వస్తున్నాయి. ఇంతకంటే సరైన సందర్భం ఎప్పుడు దొరుకుతుంది? పైగా శుభవార్త. నిండుగా నవ్వుతూ, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను.

"మురి తురొమ్నిదా, నొఫున్ కొసురో తేపిహాసెయో!"

ఆవిడ ముఖంలో రక్తం పోయింది. వచ్చేటప్పుడు కారులోంచి ఏటికి ఎగువనున్న జలాశయం గేట్లు చూసిందని తర్వాత తెలిసింది. ఆవిడ చూపు చప్పున గోడవారనున్న అవ్వ మీద పడింది. ఈ ముసలామె ఎందుకు పోలేదని అడుగుతోందనుకున్నాను. మా వైపు కుళాయి దగ్గర ముసలివాళ్ల బిందె ముందు పెట్టనిస్తారు. ఆ మర్యాద కూడా ఆవిడకు తెలియాలి కదా.

"నోయక్చా మొంజో" అన్నాను, గర్వంగా.

మరుక్షణం అవ్వ గాల్లో ఉంది.

"ఓరి నాయనో! యాడికెత్తుకపోతాండాదిరా ఈ పిల్ల నన్ను! ఒరే ఓబులేసూ!"

ఈల మోగింది. అప్పుడు నాకు ఏదో తేడా కొట్టింది. ఇంగ్లీషు అందుకుని "నో ఫ్లడ్ మేడం! ఓన్లీ వాటర్! ఓన్లీ వాటర్!" అని వెంటపడ్డాను. ఆవిడ ఇంకా వేగంగా ఎక్కింది. ఇక ఆవిడను శాంతపరచడానికి నా దగ్గర ఒకే ఒక వాక్యం మిగిలింది. అది స్థిమితంగా ఉండమనే చెబుతుంది. దాని తోకకు రక్షక దళం ఉందన్నది నోరు దాటాక గుర్తొచ్చింది.

కుళాయి దగ్గరున్న జనానికి ఈల వినిపించింది, అవ్వ అరుపు వినిపించింది. తల తిప్పితే మెట్ల మీద వీపున వేలాడుతున్న అవ్వ కనిపించింది. అవ్వకు ఏదో అయిపోయిందనుకున్నారు. ఆ సందు చరిత్రలో మొదటిసారి, నీళ్లు పడుతుండగా బిందెలు వదిలేసి జనం వెనక్కి పరుగెత్తారు. సందంతా మా మిద్దె ఎక్కింది. కింద కుళాయిలు వాటి పాటికి అవి మోరీలోకి పారాయి.

మిద్దె మీద హాన్ మేడం అవ్వను దించి, ఫ్యాక్టరీకి ఫోను చేసి, పిట్టగోడ దగ్గరికి వెళ్లి వరద కోసం చూసింది. పెన్న కనిపించింది. ఈ చివర నుంచి ఆ చివరికి ఇసుక. మధ్యలో ఎండిన కంపచెట్లు, రెండు మేకలు. ఆవిడ చాలాసేపు అటే చూసింది. మోకాళ్ల నొప్పులతో ఎన్నో ఏళ్లుగా మిద్దె ఎక్కని అవ్వ కూడా అటే చూసి, "ఇదేంది, ఏరు ఇట్లయిపాయనా?" అంది మెల్లగా.

సునీత అప్పుడు పైకి వచ్చింది. చంకలో ఒక బిందె ఇంకా ఉంది. నా ముఖం చూసింది. అంతా అర్థమైపోయింది.

"మామా, ఏం చెప్పినావ్?"

"నీళ్లొస్తాండాయని చెప్పినా."

"అంతేనా?"

"రక్షక దళం వస్తాందని కూడా."

నా మాట వమ్ముకాలేదు. కొంతసేపటికి సందు మొదట్లో గంట మోగింది. ఫ్యాక్టరీ నుంచి ఫోను ఎవరెవరికి పాకిందో గానీ, ఎర్రగా మెరుస్తూ అగ్నిమాపక శకటం వచ్చి నిలిచింది. దూకిన మనిషి చుట్టూ చూసి, "నీళ్లు యాడమ్మా?" అని అరిచాడు.

"ఆ మాట మేమే అడగాల" అంది ఖాసింబీ పిట్టగోడ మీదినుంచి. "కుళాయి నిలిచిపోయి శానాసేపాయ. మీ బండిలో ఉండాయా, లేదా?"

ఉన్నాయి. మనిషి మంచివాడు. పైపు విప్పాడు. సందు కిందికి దిగి వరసగా నిలబడింది. అవ్వ బిందె ముందు పెట్టనిచ్చారు.

ఆ వరసను పైనుంచి చూస్తూ హాన్ మేడం సునీతను ఒక ప్రశ్న అడిగింది. సునీత తర్వాత మాకు చెప్పింది: నీళ్లు వస్తే జనం దూరంగా పరుగెత్తాలని మనం నేర్పుతాం. నువ్వూ, వీళ్లూ నీళ్ల వైపు పరుగెత్తారు. ఎందుకు?

సునీత జవాబు చెప్పబోయి ఆగింది. మాట తెలియలేదు. మంటలు, వరద, తుఫాను, భూకంపం అన్నీ ఉన్న ఆ పాఠాల్లో కరువు లేదు. ఫోనులో వెతికి, ఆ మాట తెర మీద చూపించింది. మేడం చదివి, మళ్లీ ఒకసారి ఇసుక వైపు చూసింది. వెళ్లేటప్పుడు అందరికీ వంగి నమస్కారం పెట్టింది. నాకు కూడా. తిరిగి నమస్కారమని కొరియాలో ఆ ఒక్క మాటా చెప్పడం నాకు రాలేదు. చేతులు జోడించాను.

కనుక, ఆ సందు సాక్షిగా, వదిలేసిన బిందెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నేను ఏ భాష నేర్చినా, ముందు నమస్కారం, తర్వాత మంచినీళ్లు. ప్రళయం ఆఖరి పాఠం. అది కూడా నిజంగా వచ్చినప్పుడే అప్పజెబుతాను.

హాన్ మేడం ఆ రోజు సంగతి నివేదికగా రాసి పంపిందని సునీత చెప్పింది. అందులో ఏముందో తనకు చూపించలేదు. పోస్టు ఎవరికో ఇంకా ప్రకటించలేదు. బావ ఈ రోజు కూడా చెల్లెలి భుజం పట్టుకుని గుంటలోకి దిగాడు. ఇది రాస్తున్నప్పటికి ఆ సందుకు మళ్లీ కుళాయి నీళ్లు రాలేదు.